పిప్పిలో లేని పుల్ల

రెండో నెల పదకొండో తేదీ పొద్దున ఏడున్నరకి, నలభై ఏడేళ్ళుగా మందుల కొట్టులో పొట్లాలు కడుతున్న గాన్ మావ్‌లిన్, కొట్టు తెరవడానికి వెళ్తూ వెనకవీధిలో మో వారి గడప ముందు వెల్లకిలా పడ్డాడు. ముందు కుడి చెప్పు వెళ్ళింది. దాని వెనక కుడికాలు వెళ్ళింది. మిగతా మనిషి వాటితో పాటు వెళ్ళలేక ఉన్నచోటే కూర్చుని, ఆ తర్వాత పడుకున్నాడు. అన్నం డబ్బా దొర్లుకుంటూ కాలవ దాకా వెళ్ళి, మూత ఊడకుండా ఆగింది. చేతిలోని గొడుగు విచ్చుకుంది. వాన మాత్రం లేదు.

పడినందుకు కారణం మందు పిప్పి. షున్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో మందు కాచాక మిగిలిన పిప్పిని ఎవరూ చెత్తబుట్టలో వెయ్యరు. నలుగురు నడిచే దారిలో కుమ్మరిస్తారు. నడిచేవాళ్ళ కాళ్ళకి అంటుకుని రోగం ఇల్లు వదిలి పోతుందని. ఎవరి కాళ్ళకి అంటుకుని ఎవరింటికి పోతుందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే రేపు తమ పిప్పి ఎక్కడ పొయ్యాలి? మావ్‌లిన్‌కి కాళ్ళతో ఆగకుండా వీపుకీ తలకీ ఒక చెవికీ కూడా అంటింది కాబట్టి, మో వారింట్లో ఏ రోగం ఉన్నా ఆ పొద్దుటితో పూర్తిగా ఖాళీ అయిపోయి ఉండాలి.

లేవడానికి చెయ్యి ఆనించాడు. అరచేతి కింద ఏదో మెత్తగా తగిలింది. తీసి వేళ్ళ మధ్య నలిపాడు. అతిమధురం. ఇంకోటి తీశాడు. తెల్ల పియోనీ వేరు. ఆ తరిగిన తీరు చూస్తే తన కత్తిపీట మీద తెగిన ముక్కే. అంతే, లేవాలన్న సంగతి మర్చిపోయాడు. పక్కనున్న చదును రాయి మీద అతిమధురం ఒక కుప్ప, పియోనీ వేరు ఒక కుప్ప, అల్లం ఒకటి, ఎండు రేగుపళ్ళు ఒకటి పెట్టుకుంటూ పోయాడు.

టోఫు బండి తోసుకుంటూ వచ్చిన లియన్‌జియావ్ బండి ఆపింది. "మావ్‌లిన్ అన్నా, కొట్టు ఇక్కడికి మార్చేశారా?"

"రాళ్ళు తడిగా ఉన్నాయి. చూసుకుని నడువు."

"అది నాకు చెప్తున్నారా, మీకు మీరే చెప్పుకుంటున్నారా?" అని ఆవిడ అన్నం డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "నా భుజం మందు పొట్లం కూడా ఇక్కడే కట్టించుకోనా, లేక పదింటికి కొట్టుకే రమ్మంటారా?"

మావ్‌లిన్ వినలేదు. నాలుగు కుప్పల్ని రెండోసారి చూస్తున్నాడు. ఉండాల్సినవి అయిదు. మంగళవారం నాడు మో పెద్దాయనకి రాసిన మందు చీటీలో మొట్టమొదటి పేరే దాల్చిన పుల్లలు, అంటే దాల్చినచెక్క చెట్టు లేత కొమ్మల ముక్కలు. మిగతా నాలుగూ దానికి తోడు వచ్చేవే. పెళ్ళికొడుకు లేకుండా తోడిపెళ్ళికొడుకులు మాత్రం వచ్చినట్టు, పిప్పిలో అన్నీ ఉన్నాయి, పుల్ల లేదు. మూడు వేళ్ళతో వెతికాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వెతికాడు. ఒక్క ముక్క లేదు.

అప్పుడు గానీ ఆయనకి నడుం నొప్పి తెలియలేదు.

ఆ కుప్పల్ని జేబురుమాల్లో మూట కట్టుకుని కొట్టుకి నడిచాడు. ఆ ఊళ్ళో ఏటా వచ్చే చెమ్మ రోజులవి. సముద్రం వైపు నుంచి వెచ్చటి గాలి తిరిగొచ్చి గోడలకి చెమటలు పట్టిస్తుంది, అద్దాలు ఏడుస్తాయి, ఉతికిన బట్టలు వారం దాకా ఆరవు. మావ్‌లిన్‌కి ఆ పొద్దున గోడలకన్నా ఎక్కువే పట్టింది.

ఎందుకంటే కొత్త సంవత్సరం విందులో ఆయనొక మాట అన్నాడు. కొట్టు నడిపే డాక్టర్ ఛిన్ రూయి, ఆయన చేతుల్లో పెరిగిన పిల్ల, బాతు మాంసం ఆయన గిన్నెలో వేస్తూ మెల్లగా మాట కదిపింది. "బాబాయ్, వైద్యం బడిలో చదివిన అమ్మాయి ఒకతి మూడో నెలలో చేరుతోంది. కౌంటర్ తనకి అప్పగించి మీరు వెనక గదిలో తరుగుడు చూసుకోకూడదూ? మీ కళ్ళు కూడా..."

"నా కళ్ళకేం?" అన్నాడు మావ్‌లిన్, బాతు రెక్క అనుకుని అల్లం ముక్క నోట్లో పెట్టుకుంటూ. నములుతూనే, రోషం కొద్దీ, పదిమంది ముందూ అన్నాడు: "నా చేతి నుంచి ఒక్క పొట్లం తప్పు వెళ్ళిన రోజు, ఎవరూ చెప్పకుండానే త్రాసు నీ చేతిలో పెట్టి వెనక్కి వెళ్ళిపోతా."

వెనక గది చీకటిది. అక్కడ తడిగుడ్డ కింద నానిన కొమ్మలు, కత్తిపీట, గోడ తప్ప మనుషులుండరు. మావ్‌లిన్‌కి మనుషులు కావాలి. నూట ఇరవై సొరుగుల బీరువా ముందు నిలబడి, ఎముకతో చేసిన త్రాసు కోల మీద గుండు జరుపుతూ, ఏ చీటీ ఎవరిదో చూస్తూ ఊరంతా చదివాడు. ఎవరికి నిద్ర పట్టడం లేదో, ఏ కోడలికి నెల తప్పిందో, ఏ మొగుడూ పెళ్ళాలు వేరువేరుగా వచ్చి ఒకే కడుపుమంట మందు తీసుకెళ్ళారో ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పడు. తెలుసుకోవడమే ఆయన సరదా. తన పెళ్ళి రోజున పెళ్ళికూతురు తల వంచి టీ అందిస్తే, ఆ జుట్టు వాసన పీల్చి, "టీ గింజల పిండి, నారింజ తొక్క, ఇంకోటేదో తెలియడం లేదు" అన్నాడు. ఆ మూడోది ఏమిటో ఆవిడ ఇప్పటిదాకా చెప్పలేదు. ముప్ఫై అయిదేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు.

పదిహేనేళ్ళప్పుడు కొట్టులో చేరిన మొదటి వారం, ఛిన్ రూయి తండ్రి పన్నెండు సొరుగులు ఒక చాప మీద బోర్లించి, చెయ్యి పెట్టి కలిపేసి, "వేరు చెయ్యి" అని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు పట్టింది. అప్పటి నుంచీ కలిసి ఉన్నవి ఏవి కనబడినా ఆయన వేళ్ళు ఊరుకోవు. ఇంట్లో పులుసు గిన్నెలో కూడా విడదీస్తాడు.

ఇప్పుడు కొట్టు తెరిచి మంగళవారం చీటీ తీశాడు. దాల్చిన పుల్లలు, పక్కన తన చేత్తోనే పెట్టిన టిక్కు. అయితే టిక్కుకి విలువెంత? ఆ కొట్టు పద్ధతి ప్రకారం, కాగితం మీద మందులన్నీ వేటికవి వేరు కుప్పలుగా పోసి, ఇంకో మనిషి కళ్ళతో చూశాకే పొట్లం మడవాలి. మంగళవారం నాడు డాక్టరమ్మ ఒక బాలింతని చూడ్డానికి రేవు అవతలికి వెళ్ళింది. చూసే మనిషి లేక మావ్‌లిన్ తనే కౌంటర్‌కి ఇటు పక్కకి వచ్చి నిలబడి, "సరిగ్గా ఉన్నాయా?" అని అడిగి, మళ్ళీ అటు పక్కకి వెళ్ళి, "ఉన్నాయి" అని చెప్పుకున్నాడు. అప్పుడు అది చాలా పద్ధతిగా అనిపించింది.

పుల్లలు వేశాడా లేదా? సొరుగు లాగిన గుర్తుంది. అది మంగళవారం గుర్తా, నలభై ఏడేళ్ళ గుర్తా అనేది తెలియలేదు.

డాక్టరమ్మ పదింటికి గానీ రాదు. తలుపు దగ్గరేసి, పెద్దాయనని పలకరించే వంకతో మో వారింటికి వెళ్ళాడు.

కోడలు జిన్‌మెయ్ తలుపు తీసింది. ఆయన వీపు మీది బురద చూసి నోరు తెరిచి, తను పిప్పి కుమ్మరించిన చోటు ఖాళీగా ఉండటం చూసి మూసుకుంది. "లోపలికి రండి బాబాయ్. మామయ్య బాగా కోపంగా ఉన్నారు. ముందే చెప్తున్నాను."

మో బింగ్‌కున్‌కి డెబ్బై ఒకటి. ఊరికి పడమట ఒక కొండ మొత్తం ఆయన దాల్చిన తోట. చలికాలం మాత్రం కొడుకింట్లో ఉంటాడు. ఇప్పుడు వెదురు కుర్చీలో మూడు బొంతల మధ్య కూర్చుని ఉన్నాడు, రెండు ముక్కురంధ్రాల్లో దూది పెట్టుకుని. కిటికీ సందుల్లో పాత పేపర్లు కుక్కి ఉన్నాయి.

"వచ్చావా," అన్నాడు దూది లోంచి. "చూడు మీ మందు చేసిన పని. మంగళవారం దాకా వట్టి జలుబు. మెడ మీద కాస్త చెమట, గాలి తగిలితే వణుకు. అంతే. రెండు పొట్లాలు తాగాను. వణుకు వణుకులాగే ఉంది. గొంతు ఎండింది, నోరు పూసింది, నిన్న సాయంత్రం ముక్కు లోంచి నెత్తురు. పొట్లం కట్టినవాడు ఏదో తప్పు వేశాడని పొద్దున్నే జిన్‌మెయ్‌తో డాక్టరమ్మ ఇంటికి కబురు పెట్టాను. నీ ముందు దాచడం ఎందుకు?"

మావ్‌లిన్ స్టూలు మీద కూర్చున్నాడు. కబురు వెళ్ళిపోయింది. అంటే త్రాసు వెళ్ళిపోయినట్టే.

అయినా బుర్రలో ఒక పురుగు తొలుస్తోంది. పుల్ల పడకపోతే మందు పనిచెయ్యకపోవాలి, అంతే. మిగిలిన నాలుగూ పంచదార పానకం లాంటివి. వాటికి ముక్కు పగిలే వేడి ఎక్కడిది?

"మందు తాగాక గంజి తాగావా అన్నా? వేడిగా, పలచగా?"

"తాగాను. పంది మాంసం వేయించి కలిపింది."

"నేను వద్దనే అన్నాను," అంది జిన్‌మెయ్ వంటింటి గుమ్మం లోంచి.

"వట్టి గంజి జబ్బు మనిషి తాగేది."

"నువ్వు జబ్బు మనిషివే కదన్నా."

మాట్లాడుతూనే మావ్‌లిన్ ముక్కు ఎగబీల్చాడు. ఆ గదిలో దాల్చిన వాసన ఉంది. పైగా అది పుల్ల వాసన కాదు. పుల్లది తేలిక వాసన, ముక్కు కొస దగ్గర తిరిగి పోతుంది. ఇది బరువుగా, తియ్యగా, నాలిక మీంచి గొంతులోకి దిగుతోంది. ఆయన లేచి, ఏమీ అడక్కుండా, ఆ వాసన వెంట వంటింట్లోకి నడిచాడు. పొయ్యి పైన కట్టిన దండెం మీద, తడి సాక్సులకీ ఒక బనీనుకీ మధ్య, అరచేతి వెడల్పున చుట్టలు తిరిగిన దాల్చిన బెరడు రెండు ముక్కలు వేలాడుతున్నాయి. ఉడికి ఉబ్బి ఉన్నాయి.

"జిన్‌మెయ్ తల్లీ, ఇదేమిటి?"

ఆమె మామగారి వైపు చూసింది. మామగారు పైకప్పు వైపు చూశాడు.

"చెప్పెయ్," అన్నాడు చివరికి. "నా తోటలో నలభై ఏళ్ళ చెట్టు బెరడు అది. ఆ పుల్లలూ ఆకులూ మేం నూనె బట్టీకి గడ్డి తోలినట్టు తోలతాం. నా కొండ మీద నేను ఏరి పారేసిన చెత్తనే నాకు మందని కట్టిస్తావా? అవి ఏరేసి అసలు సరుకు వెయ్యమన్నాను. ఎంత వేస్తే అంత మంచిదని కాస్త ఎక్కువే వేయించాను."

"మరి ఇవి పిప్పితో పాటు పారేయకుండా..."

"నలభై ఏళ్ళ బెరడు రోడ్డు మీద పోస్తారా ఎవరైనా?"

మావ్‌లిన్ జిన్‌మెయ్ వైపు తిరిగాడు. "పుల్లలేవి?"

జిన్‌మెయ్ అలమర లోంచి బిస్కెట్ డబ్బా తీసింది. "పారేయ బుద్ధి కాలేదు బాబాయ్. తరగడం అంత ముచ్చటగా ఉంది." మూడు పొట్లాల పుల్లలూ అందులో ఉన్నాయి. ఏటవాలుగా తరిగిన సన్నటి ముక్కలు, చుట్టూ ఎర్రటి అంచు, మధ్యలో తెల్లటి కలప. మావ్‌లిన్ ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. అవతల కిటికీ మసకగా కనబడింది. తనదే. మూడు పొట్లాల్లోనూ వేశాడు.

తప్పిపోయిన తమ్ముడెవరో బతికే ఉన్నాడని కబురొచ్చినట్టయింది ఆయనకి.

"చెట్టు ఒకటే అన్నా," అన్నాడు కుర్చీ దగ్గరికి వచ్చి. "కానీ బెరడు మొద్దు మీద ఉంటుంది. ఒంట్లోకి వెళ్ళినా కడుపులో దిగి అక్కడే నిప్పు రాజేసుకుని కూర్చుంటుంది. కాళ్ళు చల్లబడిన ముసలివాళ్ళకి, బొడ్డు కింద నొప్పి ఉన్నవాళ్ళకి అది. పుల్ల చెట్టు చివర ఉంటుంది. ఒంట్లోనూ చివరలకే పోతుంది. వేళ్ళకి, భుజాలకి, చర్మానికి. నీ జలుబు చర్మం దగ్గర ఉంది. నువ్వేమో వీధి గుమ్మంలో ఉన్న దొంగని తరమడానికి నట్టింట్లో మంట పెట్టావు."

మో పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఆదివారం మా వంశం వాళ్ళు పదిమంది టీకి వస్తారు. అందరూ దాల్చిన తోటల వాళ్ళే. యాభై ఏళ్ళు చెట్టు పెంచి, చెట్టులో ఏది దేనికో తెలియక ముక్కు పగలగొట్టుకున్నానని తెలిస్తే, నేను పోయాక కూడా నా ఫోటో చూసి నవ్వుతారు. డాక్టరమ్మకి తెలిస్తే ఊరందరికీ తెలుస్తుంది. మావ్‌లిన్, నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా?"

అడగలేదు. మావ్‌లిన్ చేతిలోని పుల్లని తిప్పి తిప్పి చూశాడు. ఇది చూపిస్తే కౌంటర్ తనది. చూపించకపోతే వెనక గది. జబ్బుపడిన మనిషి చీటీ సంగతి బయటికి చెప్పకూడదన్నది ఆయన నలభై ఏడేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పని నియమం. పిచ్చి పని కూడా చీటీ కిందికే వస్తుందా? రాదని అనుకోవడానికి గట్టిగా ప్రయత్నించాడు. కుదరలేదు.

"ముందు ఆ మూడో పొట్లం పొయ్యి మీద పెట్టు తల్లీ," అన్నాడు. "బెరడు ముట్టుకోకు."

పుల్లలు తనే వేశాడు. మట్టికుండలో సన్నసెగ మీద మందు కాగి, మూతి దగ్గర తేలిక వాసన తిరగడం మొదలైంది. పెద్దాయన మొహం చిట్లించి ఒక గిన్నె తాగాడు. వెంటనే వట్టి గంజి, నాలిక కాలేంత వేడిగా. మూడు బొంతల్లో రెండు తీసేశారు. కిటికీ సందుల్లో పేపర్లు మాత్రం ఉంచారు. మావ్‌లిన్ స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుని, అన్నం ఉడికిందా అని చూసినట్టు పావుగంటకోసారి ఆయన నుదురూ, ఛాతీ, పిక్కలూ తాకి చూశాడు. ఇన్నేళ్ళుగా కొన్ని వేల పొట్లాలు కట్టాడు. అవి వెళ్ళిన చోట ఏం జరుగుతుందో ఎదురుగా కూర్చుని చూడటం ఇదే మొదలు.

మూడోసారి తాకినప్పుడు వేలికి చెమ్మ అంటింది. ధారలు కట్టలేదు. నుదుటి మీద, మోచేతుల లోపల, పాదాల పైన, అంతటా ఒకే తీరున, తెల్లవారిన ఆకు మీద పట్టినంత. పెద్దాయన భుజాలు జారాయి. ఎడమ ముక్కులో దూది దానంతటదే పడిపోయింది.

"గాలి వస్తోందా?" అని అడిగాడు మావ్‌లిన్, తలుపు కాస్త తీసి.

"వస్తోంది." కాసేపాగి, "వణుకు రాలేదు," అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో సంతోషం కంటే ఓడిపోవడమే ఎక్కువ వినిపించింది.

మావ్‌లిన్ కొట్టుకి తిరిగి వచ్చేసరికి పదిన్నర. డాక్టర్ ఛిన్ రూయి కౌంటర్ వెనక నిలబడి టోఫు లియన్‌జియావ్‌కి భుజం మందు తనే తూస్తోంది. లియన్‌జియావ్ పొట్లం తీసుకుని, ఇద్దరి మొహాలూ చూసి, వెళ్ళాలని లేకపోయినా వెళ్ళింది.

"అమ్మాయ్," అన్నాడు మావ్‌లిన్. చేతికి వేసుకునే తెల్ల తొడుగులు విప్పి మడత పెట్టాడు. ఎముక కోల త్రాసుని దాని పొడుగాటి పెట్టెలో పెట్టి ఆమె ముందుకి జరిపాడు. "కొత్త సంవత్సరం నాడు ఒక మాటన్నాను."

"మో పెద్దాయనకి తప్పు వేశారా బాబాయ్?"

ఆయన గోడ మీది క్యాలెండర్ చూశాడు. "మంగళవారం నాడు చూసే మనిషి లేకుండా పొట్లం మడిచాను. అది తప్పే."

"నేను అడిగింది అది కాదు. సరే, ఆ జేబులో మూటేమిటి? చొక్కా అంతా తడిసింది."

మర్చిపోయాడు. తీసి ఇచ్చాడు. ఛిన్ రూయి రుమాలు విప్పి, నాలుగు కుప్పల్నీ చూసింది. అయిదోది లేదని చూసింది. తర్వాత ఒక అతిమధురం ముక్క తీసి రెండు వేళ్ళ మధ్య పెట్టి వేళ్ళు విడదీసింది. సన్నటి జిగురు దారం సాగింది. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అచ్చం తన తండ్రిలాగే తల ఒక పక్కకి వంచింది.

"మీరు ఎన్నేళ్ళుగా ఆ వీధిలో నడుస్తున్నారు?"

"పుట్టినప్పటి నుంచి."

"పిప్పి మీద ఎన్నిసార్లు జారారు?"

"ఇవాళే."

"పుల్ల ఉడికిన నీళ్ళకి జిగురుండదు. బెరడు ఉడికితేనే జిగురు పట్టి కాలు జారుతుంది. నాన్న నాకూ అదే నేర్పారు." ఆమె రుమాలు మళ్ళీ కట్టింది. "ముక్కు నెత్తురు అన్నప్పుడే నాకు అనుమానం. మీరు తప్పు వేసి ఉంటే పుల్లకి బదులు ఇంకో పుల్ల పడుతుంది గానీ, ఇంత పాత బెరడు మన సొరుగుల్లో ఎక్కడుంది బాబాయ్? ఒక కొండ ఉన్న మనిషి దగ్గర తప్ప దొరకదు."

మావ్‌లిన్ క్యాలెండర్ మీంచి కళ్ళు తిప్పలేదు. "నేనేం చెప్పలేదు."

"మీరేం చెప్పలేదు, నేనేం అడగలేదు. పెద్దాయనకి చెమట పట్టిందా?"

"ఆకు మీద పట్టినంత."

ఆమె త్రాసు పెట్టెని ఆయన వైపు తిరిగి జరిపింది. దాని మీద ఇంకో చిన్న పెట్టె పెట్టింది. కళ్ళజోడు పెట్టె. "ఇది లేకుండా అది తియ్యకూడదు. ఇంకోటి, నేను లేనప్పుడు మీకు మీరే జవాబు చెప్పుకోకుండా ఎదురింటి దర్జీని పిలవండి."

మావ్‌లిన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. బీరువా మీది నూట ఇరవై పేర్లూ ఒక్కసారి ముందుకి దూకినట్టయింది. వాటిలో మూడిటి మీద ఇన్నాళ్ళూ దుమ్ము అనుకున్నవి అక్షరాలు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం గడిచాక మంగళవారం నాడు మో బింగ్‌కున్ కర్ర తాటించుకుంటూ కొట్టుకి వచ్చాడు. ముక్కులో దూది లేదు. వెంట ఇద్దరు వంశం వాళ్ళున్నారు. కౌంటర్ దగ్గర అప్పటికే నలుగురు నిలబడ్డారు. పెద్దాయన అందరినీ ఒకసారి చూసి, గొంతు పెంచాడు. "ఏమయ్యా మావ్‌లిన్, మందు సంగతి సరే గానీ, పుల్లలు అంత లావుగా తరుగుతావేం? మా కోడలు కుండలో వెయ్యలేక నానా తంటాలు పడింది!"

మావ్‌లిన్ కళ్ళజోడు పైకి తోసుకుని, కోల మీద గుండు జరుపుతూ, తలెత్తకుండా అన్నాడు:

"ఇక నుంచి ఏరడానికి చేతికి దొరకనంత సన్నగా తరుగుతాలే అన్నా."